మార్చి ముప్పై ఒకటి

కెజయా అర్జీ సభలో చదవడానికి నేను లేచి నిలబడడం వరకూ కిందటి వారం చెప్పాను. మధ్యలో వచ్చి చేరిన వారి కోసం నాలుగు మాటలు. మిస్ వెరిటీ క్రంప్ చనిపోతూ వీలునామాలో తన బానిస కెజయాకు విడుదల రాసింది. మన రాష్ట్ర చట్టం ప్రకారం విడుదలైనవాళ్ళు పన్నెండు నెలల్లో పొలిమేర దాటి వెళ్ళిపోవాలి. దాటకపోతే షెరీఫ్ పట్టుకుని మళ్ళీ వేలం వేస్తాడు. ఉండిపోవాలంటే శాసనసభ ఒప్పుకోవాలి. కెజయా కూతురు ఫీబీకి పదకొండేళ్ళు. ఆ పిల్లకు విడుదల లేదు. కల్నల్ గార్లండ్ ఇంట్లో బానిస. పిల్లను వదిలి వెళ్ళలేక తల్లి అర్జీ పెట్టుకుంది. రాసింది నేను. గడువు ఫిబ్రవరి ఇరవైతో తీరిపోతుంది. ఆ రోజు ఫిబ్రవరి పన్నెండు, బుధవారం.

నేను తొమ్మిదేళ్ళు బడిపంతులుగా చేసి, తర్వాత పదకొండేళ్ళుగా సభలో కాగితాలు చదివే గుమాస్తాగా ఉన్నాను. నా పేరు ఎజ్రా టాలివర్. ఇప్పటికీ అందరూ పంతులనే పిలుస్తారు.

ఆ ఉదయం సభ మొదటి గంట తోడేళ్ళ మీద గడిచింది. తోడేలు తల తెచ్చినవాడికి ఇచ్చే బహుమానం, తోడేలు పిల్ల తలకూ ఇవ్వాలా వద్దా అన్నది ప్రశ్న. పశ్చిమ కౌంటీల వాళ్ళు ఇవ్వాలన్నారు. నది ఒడ్డు కౌంటీల వాళ్ళు, తోడేళ్ళను కొందరు బహుమానం కోసం పెంచుతున్నారని గొడవ చేశారు. తర్వాత ఒకతను తన సవతి తండ్రి పేరు వదిలించుకోవడానికి పెట్టిన అర్జీ వచ్చింది. దానికి అడ్డు చెప్పిన వారు లేరు. సభ్యులు టోపీలు పెట్టుకునే కూర్చుని, ఆపిల్ పళ్ళు కొరుకుతూ, పొయ్యి దగ్గర బూట్లు ఆరబెట్టుకుంటూ "అవును" అన్నారు. అతనికి కొత్త పేరు వచ్చింది.

ఆ తర్వాత నేథన్ ఓర్మ్ లేచాడు. సభకు వచ్చి పంతొమ్మిది రోజులైన కుర్రవాడు. కెజయా అర్జీని బల్ల దగ్గరికి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను చదివాను. కింద యాభై రెండు మంది తెల్లవారి సంతకాలున్నాయి. ఆ పేర్లు కూడా చదివాను. మొదటి సంతకం కల్నల్ లూషియస్ గార్లండ్‌ది.

"అధ్యక్షా!" అన్నాడు వెనక వరసలోంచి ఒకాయన. "ఈ మంత్రసాని వెళ్ళిపోతే మా కౌంటీలో కాన్పులకి ఎవరొస్తారు? గౌరవ సభ్యులు ఓర్మ్ గారు వస్తారా?"

"ఆయనకింకా పెళ్ళే కాలేదు. అప్పుడే అక్కడికెందుకు పంపిస్తారు?" అన్నాడు ఇంకొకాయన.

సభ నవ్వింది. ఓర్మ్ చెవులు ఎర్రబడ్డాయి.

"నవ్వులాట కాదు అధ్యక్షా," అని పక్క కౌంటీ ఆయన లేచాడు. "ఇవాళ ఒకర్ని ఉండనిస్తే రేపు వంద మంది ఇదే గుమ్మం ముందు నించుంటారు. ఇది శాసనసభా, సత్రమా?"

అప్పుడు కల్నల్ గార్లండ్ లేచి టోపీ తీశాడు. ఆయన టోపీ తీస్తే సభ నిశ్శబ్దమవుతుంది. "అధ్యక్షా, కెజయా చేతుల్లో నా ముగ్గురు కొడుకులూ పుట్టారు. ఆమె మంచితనం గురించి మాట్లాడడానికి ఈ సభలో నా కంటే అర్హుడు లేడు. ఇలాంటి మనిషి సంగతిని తోడేళ్ళకీ వంతెనలకీ మధ్య హడావుడిగా తేల్చేయడం మనకి మర్యాద కాదు. అందుకని ఈ అర్జీ పరిశీలనని మార్చి నెల ముప్పై ఒకటో తారీఖుకి వాయిదా వేయాలని ప్రతిపాదిస్తున్నాను."

పాత సభ్యుల మొహాల్లో చిన్న కదలిక వచ్చింది. సభాపతి ముక్కుపొడుం డబ్బీ తీసి, "బలపరిచే వారెవరు?" అన్నాడు.

"నేను!" అని ఓర్మ్ గట్టిగా అన్నాడు. "సంతోషంగా బలపరుస్తున్నాను అధ్యక్షా!"

అంతకు ముందు ఒకసారి నవ్విన సభ ఈసారి పొట్ట పట్టుకుని నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఓర్మ్ కూడా నవ్వాడు. అందరూ "అవును" అన్నారు. "కాదు" అన్న గొంతు లేదు. ఓర్మ్ తలుపు తోసుకుని బయటికి పరుగెత్తాడు.

మన సభ ఫిబ్రవరి పదిహేను శనివారంతో ముగుస్తుంది. మళ్ళీ డిసెంబరులోనే కూడుతుంది. మార్చి ముప్పై ఒకటిన సభ్యులంతా తమ తమ ఊళ్ళలో పొగాకు నారుమళ్ళు చూసుకుంటూ ఉంటారు. సభ లేని రోజుకు వాయిదా వేసిన కాగితం ఆ రోజుతో చచ్చిపోతుంది. కాదని ముఖం మీద చెబితే, సంతకాలు పెట్టిన యాభై రెండు మందీ ఎందుకు కాదన్నారని అడుగుతారు. ఇలా చేస్తే అడిగేవారుండరు. ఈ పదకొండేళ్ళలో అలాంటి వాయిదాలు నేను రెండు వందల దాకా చదివి ఉంటాను. వాటిలో ప్రతిదాని కిందా ఎవరిదో ఒక పేరు ఉంది.

నేను బయటికి పోవడానికి వీల్లేదు. వంతెన బిల్లు నా చేతిలో పెట్టారు. ముప్పై ఆరు క్లాజులు. దాటే సుంకం గుర్రానికి ఎంత, బండికి ఎంత, పందుల మందకు ఎంత అని రెండు గంటల దాకా చదివాను. సభాపతి లేచాడు. మళ్ళీ నాలుగింటికి కూర్చుంటామని చెప్పాడు.

మెట్ల మీద ఓర్మ్ ఎదురొచ్చాడు. చలికి ముక్కు ఎర్రగా ఉన్నా ముఖం వెలిగిపోతోంది.

"పంతులుగారూ, ఆవిడకి చెప్పొచ్చాను! తేదీ ఇచ్చారని చెప్పాను. నా చేతులు పట్టుకుని ఏడ్చేసింది. నాకు మాట రాలేదనుకోండి. కల్నల్ గారు ఇంత సాయం చేస్తారని నేననుకోలేదు."

నేను చెప్పాను. బడిలో తప్పు లెక్క దిద్దినట్టు, మెల్లగా, ఒక్కొక్క మెట్టే చెప్పాను. అతను మధ్యలోనే వినడం మానేసినట్టనిపించింది. కానీ విన్నాడు.

"అయితే నేను బలపరిచింది..."

"అవును."

"నాకెవరూ చెప్పలేదేం?"

"ఎవరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు, చదివి చదివి తెలిసింది."

అతను రెయిలింగు పట్టుకున్నాడు. "మళ్ళీ చర్చకి తీసుకోమని అడగొచ్చా?"

"గెలిచిన పక్షంలో ఓటేసినవాళ్ళు అడగొచ్చు. మీరు గెలిచిన పక్షంలోనే ఉన్నారు. రేపు ఉదయం లేచి, నిన్న నేను అర్థం కాక బలపరిచాను, మళ్ళీ తీసుకోండి అని చెప్పాలి."

"నవ్వుతారు."

"నవ్వుతారు."

"మా కౌంటీలో అందరికీ తెలిసిపోతుంది," అన్నాడు. బూట్ల వంక చూసుకున్నాడు. తర్వాత భోజనానికి వెళ్ళాలని చెప్పి వెళ్ళిపోయాడు.

నేను కోటు కోసం లోపలికి వెళ్తే పొయ్యి పక్కన కల్నల్ గార్లండ్ చుట్ట ముట్టించుకుంటున్నాడు. హాల్లో ఇంకెవరూ లేరు.

"ఏం పంతులూ, భోజనం కూడా మానేసి ఎక్కడికి?"

"చిన్న పని ఉందండీ."

"మిసెస్ గాంట్ పూటకూళ్ళింటి వెనకాల, చాకిరేవు గదిలోనేగా ఆ పని?" చుట్ట కొన వంక చూస్తూ నవ్వాడు. "కూర్చో. నువ్వు నిలబడి చదివి చదివి కాళ్ళు ఎలా అయ్యాయో!"

కూర్చోలేదు. "కల్నల్ గారూ, ఆమె ఈ కౌంటీలో ఉండాలని అర్జీ మీద మొదటి సంతకం పెట్టింది మీరే."

"పెట్టాను. అబద్ధం పెట్టలేదే! ఆమె ఉండాలనే నా కోరిక. ఉంటుంది కూడా. ఫిబ్రవరి ఇరవై దాటనీ. తేదీ ఇచ్చారని నమ్ముకుని కదలకుండా ఇక్కడే కూర్చుంటుంది. ఇరవై ఒకటిన షెరీఫ్ వచ్చి పట్టుకుంటాడు. వేలంలో నా మీద పాట పెంచేవాడు ఈ కౌంటీలో ఎవడున్నాడో చెప్పు."

నేను ఆయన వంకే చూశాను.

"ఏంటలా చూస్తావ్? నీ అర్జీ మళ్ళీ ఒకసారి చదువుకో. ఏం రాశావ్? తల్లీ కూతుళ్ళని విడదీయొద్దని రాశావు. నా ఇంట్లో ఇద్దరూ ఒకే గదిలో పడుకుంటారు. సభ చేయని పని నేను చేస్తున్నాను. నీ అర్జీ నెగ్గినట్టే అనుకో."

"ఆమె స్వతంత్రురాలండీ."

"ఎనిమిది రోజులు." చుట్ట బూడిద పొయ్యిలో రాల్చాడు. "పంతులూ, నువ్వు మంచివాడివి. నీ గొంతు బావుంటుంది. డిసెంబరులో మళ్ళీ గుమాస్తా ఎన్నిక పెట్టినప్పుడు, టాలివర్‌నే ఉంచుదామని చెప్పేవాడు ఒకడుండాలి. ప్రతిసారీ చెబుతున్నది ఎవరనుకుంటున్నావ్? సభలో జరిగింది సభలో వదిలేయి. అయినా నాకు అర్థం కాదు. మీ ఆవిడ కాన్పుకి వచ్చింది కూడా ఈ కెజయానే కదూ? ఏం ఒరగబెట్టిందని?"

మా ఆవిడ హెస్టర్ మూడో రోజు పోయింది. పాప అంతకు ముందు రోజు పోయింది. ఆ మూడు రోజులూ కెజయా మంచం పక్క కుర్చీలోంచి లేవలేదు. ఇంతకంటే ఇక్కడ రాయలేను.

"వెళ్ళొస్తానండీ," అన్నాను.

"వెళ్ళు, వెళ్ళు. చెప్పుకో. చెప్పినా ఏం చేస్తుంది?" అన్నాడు కల్నల్. ఆ మాటను నేను బెదిరింపు అనుకున్నాను. అందులో ఇంకో సంగతి ఉందని అప్పటికి నాకు తెలియదు.

మిసెస్ గాంట్ ఇంట్లో పాతిక మంది సభ్యులు బస చేస్తారు. వాళ్ళ బట్టలన్నీ కెజయా చేతి మీదుగానే వెళ్తాయి. వెనక పెరట్లో రెండు తాళ్ళ మీద చొక్కాలు గడ్డకట్టి అట్టల్లా ఊగుతున్నాయి. ఆమె చాకిరేవు గది గుమ్మంలో నిలబడి, మోచేతుల దాకా ఆవిర్లు కక్కుతున్న చేతులతో ఒక చొక్కా పిండుతోంది. నన్ను చూసి నవ్వింది. ఆమె అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

"రండి పంతులుగారూ! మీ సభంతా ఇక్కడే వేలాడుతోంది, చూడండి. అదిగో ఆ చిరుగు కాలరు సభాపతిగారిది. ఇది ఓర్మ్ బాబుది. ఇవాళ గంజి ఎక్కువ పెడుతున్నా, రాజాలా నిలబడాలి. ఆ కుర్ర బాబు ఎంత దూరం పరిగెత్తుకొచ్చాడనుకున్నారు! టోపీ కూడా లేదు."

"కెజయా, కూర్చో."

"చేతిలో పనుందండీ."

"కూర్చో."

చొక్కా తొట్టిలో వదిలేసింది. కూర్చోలేదు. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఓర్మ్‌కు చెప్పిన మాటలే చెప్పాను. కానీ ఈసారి వాక్యాలు నా నోట్లో పొడుగ్గా అయిపోతున్నాయి. ఆమె మధ్యలో ఆపింది.

"మార్చి ముప్పై ఒకటిన సభ ఉండదా?"

"ఉండదు."

"తలుపులు?"

"తాళం వేసి ఉంటాయి."

"మరి నా పేరు ఎవరు పిలుస్తారు?"

"ఎవరూ పిలవరు."

ఆమె చేతులు ఏప్రన్‌కు తుడుచుకుంది. ఒక్కొక్క వేలే తుడుచుకుంది. "మీకీ సంగతి పొద్దున్నే తెలుసు."

"తెలుసు."

"చదివింది మీరే."

"నేనే."

"అందరూ అవునన్నారు."

"అన్నారు."

"వీళ్ళంతానా?" తాళ్ళ మీది చొక్కాల వంక చూసింది. నేను తల ఊపాను. గది లోపల కాగులో నీళ్ళు మరుగుతున్నాయి.

"ఇంకా ఎనిమిది రోజులున్నాయి," అన్నాను. "ఉత్తరపు రేవుకి ఐదు రోజుల నడక. అది దాటితే ఈ చట్టం నిన్ను తాకదు. అక్కణ్ణించి బానిసత్వం లేని ఒహాయోకి బళ్ళు పోతుంటాయి. ఫీబీ సంగతి తర్వాత చూద్దాం. ముందు నువ్వు వెళ్ళాలి, కెజయా. ఇవాళే."

"వాయిదా వేయమన్నది ఎవరు?"

"కల్నల్ గార్లండ్."

ఆమె మెల్లగా వెళ్ళి బోర్లించిన తొట్టి మీద కూర్చుంది.

"మధ్యాహ్నం వచ్చారండీ ఆయన. ఓర్మ్ బాబు వెళ్ళిన కాసేపటికే. ఈ పెరట్లోకి, తనే స్వయంగా. టోపీ తీశారు నాకు. ముప్పై ఒకటో తారీఖున సభలో చూపించాలి, ఇక్కడ ఆవిర్లకి నాని పాడైపోతుంది, నా బీరువాలో భద్రంగా ఉంటుంది, ఇవ్వమన్నారు. ఇచ్చాను."

"ఏమిచ్చావు?"

"నా విడుదల కాగితం."

వంతెన బిల్లు చదువుతున్నప్పుడు ఆయన కుర్చీ అరగంట ఖాళీగా ఉంది. అప్పుడు నేను పందుల మంద క్లాజు దగ్గర ఉన్నాను. కాగితం లేకుండా ఏ రేవులోనూ ఆమెను పడవ ఎక్కించరు. ఎవరు ఆపినా పారిపోయిన బానిస కిందే లెక్క. కోర్టులో నకలు తీయించాలంటే ఇద్దరు మేజిస్ట్రేట్‌ల సంతకాలు కావాలి. ఆ ఇద్దరిలో ఒకరు కల్నల్.

పెరటి గేటు దగ్గర బండి ఆగింది. కల్నల్ బండితోలే ఐజక్ దిగి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి. నన్ను చూసి టోపీ తీశాడు కానీ మాట్లాడింది ఆమెతోనే.

"కెజయక్కా, రా, రా! ఎలినార్ అమ్మకి పొద్దున్నించీ నొప్పులు. ఇంట్లో ముసలాళ్ళెవరికీ చేత కావట్లేదు. తల రాలేదంట, కాలు వచ్చిందంట. అమ్మగారు నన్ను తరిమారు. కల్నల్ గారు ఇప్పుడే ఇంటికి పోతూ దార్లో కనబడ్డారు, కెజయాని ఎక్కించుకుని ఎగిరి రా అన్నారు."

కెజయా వెంటనే లేచింది. "నీళ్ళు పోయి ఎంతసేపైంది?"

"పొద్దున గంట కొట్టినప్పుడంట."

"బిడ్డ కదులుతోందా?"

"కదులుతోందనే అంటున్నారు."

గోడకు తగిలించిన సంచి మీద ఆమె చెయ్యి పడింది. అలాగే ఉండిపోయింది. తర్వాత చెయ్యి తీసేసి మళ్ళీ తొట్టి మీద కూర్చుంది.

"రానని చెప్పు."

"ఏంటక్కా?"

"నా కాగితం నా చేతికి రావాలి. ఫీబీకి విడుదల రాసి, సంతకం పెట్టి, పిల్లని కూడా ఈ బండిలోనే పంపాలి. ఆ తర్వాత ఎక్కుతా. అలా చెప్పు."

ఐజక్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "నీకు దండం పెడతానక్కా. ఆ మాట నా నోట్లోంచి వస్తే నా వీపు మీద చర్మం మిగలదు. నేను చెప్పను. నన్ను చంపినా చెప్పను."

ఆమె నా వంక తిరిగింది. "పంతులుగారు రాస్తారు."

ఎలినార్‌కు పంతొమ్మిదేళ్ళు. కల్నల్ చిన్న కోడలు. నా బడిలోనే చదువుకుంది. తీసివేతలు రాక పలక మీద తల పెట్టి ఏడ్చేది. నా గొంతు నాకే వేరేగా వినిపించింది. "కెజయా, ఆ పిల్ల ఏం చేసింది?"

"ఏమీ చెయ్యలేదు. ఫీబీ ఏం చేసింది?"

"నువ్వు అలా కూర్చోలేవు. నాకు తెలుసు. నిన్ను నేను చూశాను."

"చూశారు," అంది. "అప్పుడు నా చేతిలో ఏమీ లేదు పంతులుగారూ. ఇవాళ ఇదొక్కటుంది. రాయండి. రాయకపోతే చెప్పండి, ఊరికే ఈ బండెక్కుతాను. ఎక్కి, ఆ బిడ్డని తీసి, తర్వాత ఆ ఇంట్లోనే ఉండిపోతాను. చచ్చేదాకా."

సభలో నూట ఎనభై మందికీ నా దస్తూరీ తెలుసు. ఎలినార్‌కు కూడా తెలుసు. ఎడమ చేత్తో రాయొచ్చని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడి, కోటు జేబులోంచి కలం, సిరాబుడ్డి తీశాను. వంతెన బిల్లు చిత్తుప్రతి వెనక వైపు తెల్లగా ఉంది. ఇస్త్రీ బల్ల మీద పెట్టి రాశాను. మూడు వాక్యాలే. కెజయా చెప్పింది చెప్పినట్టు రాశాను, ఒక్క మాట కూడా మెత్తబరచలేదు. కింద ఆమె గుర్తు వేయించి, సాక్షిగా నా పేరు పూర్తిగా రాశాను.

ఐజక్ ఆ కాగితాన్ని నిప్పు పట్టుకున్నట్టు పట్టుకుని, టోపీ లోపల పెట్టుకున్నాడు. బండి తిరిగింది. నాలుగు మైళ్ళు. పోను రాను గంటన్నర.

చక్రాల చప్పుడు వినబడనంత దూరం పోయాక అడిగాను. "ఆ పిల్ల ఎంతసేపు ఆగగలదు?"

కెజయా కాగు కింద కట్టె ఎగదోసింది. సంచి దించి, అందులోంచి కత్తెర తీసి మరుగుతున్న నీళ్ళలో వేసింది.

"కల్నల్ గారు చదవగానే పంపితే ఆగుతుందండీ," అంది. "కూర్చుని ఆలోచిస్తే ఆగదు."